కారు బ్యాటరీ పదే పదే దిగిపోతుందా? కొత్తది కొనే ముందు చేయవలసిన పరీక్షలు

బ్యాటరీ దిగిపోయిన కారును ఇంకో కారు సాయంతో స్టార్ట్ చేసుకోవడం పెద్ద పనేమీ కాదు. వారం తిరగకముందే అదే కారు మళ్లీ సెల్ఫ్ తీసుకోకుండా మొరాయిస్తే మాత్రం దాని వెనుక కారణం ఒకటి ఉందని, ఆ కారణం ఇంకా అలాగే ఉందని అర్థం చేసుకోవాలి. ఈ దశలో ఎక్కువమంది నేరుగా కొత్త బ్యాటరీ కొనేస్తారు. పాత బ్యాటరీయే పాడైపోయి ఉంటే సమస్య దానితో తీరిపోతుంది. లోపం మరోచోట ఉంటే కొత్త బ్యాటరీ కూడా కొన్ని రోజులకే ఖాళీ అవుతుంది. పైగా, స్టార్టింగ్ కోసం తయారుచేసిన బ్యాటరీలు పూర్తిగా ఖాళీ కావడాన్ని తట్టుకోలేవు కాబట్టి, అలా రెండు మూడుసార్లు జరిగేసరికి దాని సామర్థ్యంలో కొంత భాగం తిరిగి రాకుండా పోతుంది. అందుచేత, ఏ వస్తువునూ మార్చకముందే లోపం ఎక్కడుందో కొలిచి తేల్చుకోవడం మంచిది. దీనికి వోల్టేజీని, కరెంటును కొలిచే ఒక మల్టీమీటరు, ఒక ఛార్జరు, ఒక రోజు ఓపిక సరిపోతాయి.

కారణాలు ప్రధానంగా మూడు. బ్యాటరీ తనకందిన ఛార్జిని నిలుపుకోలేకపోవచ్చు. బ్యాటరీ బాగానే ఉన్నా, కారు నడిచేటప్పుడు ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి దానికి తగినంత ఛార్జి అందకపోవచ్చు. ఆ రెండూ సక్రమంగానే ఉండి, కారు ఆగి ఉన్న వేళల్లో ఏదో ఒక పరికరం గుట్టుగా కరెంటు లాగుతూ ఉండవచ్చు. వీటికి తోడు, బ్యాటరీ నిజానికి దిగకపోయినా దిగినట్లు కనిపించే సందర్భం ఒకటుంది: టెర్మినల్ దగ్గర క్లాంపు వదులైనా, తుప్పు పట్టినా, స్టార్టర్ మోటారుకు కావలసిన భారీ కరెంటు అక్కడే ఆగిపోతుంది. కింద చెప్పిన పరీక్షలన్నీ ఈ నాలుగింటిని ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికి ఉద్దేశించినవే.

ఎంత కాలానికి దిగుతోంది?

మీటరు చేతిలోకి తీసుకోకముందే ఈ ప్రశ్నకు కచ్చితమైన జవాబు సంపాదించుకోవాలి. నా దృష్టిలో మొత్తం పరిశోధనలో ఇంతకంటే విలువైన ఆధారం లేదు, దీనికి ఖర్చు కూడా లేదు. చిన్న కార్లలో సాధారణంగా కనిపించే 45 ఆంపియర్ అవర్ల (అంటే ఒక ఆంపియర్ చొప్పున దాదాపు 45 గంటలు ఇవ్వగల) బ్యాటరీని ఉదాహరణగా తీసుకుందాం. ఆగి ఉన్న కారులో గడియారం, అలారం, తాళం చెవి సంకేతం కోసం వేచి ఉండే రిసీవరు, కంప్యూటర్ల జ్ఞాపకం వంటివి కలిసి కొద్దిపాటి కరెంటును ఎప్పుడూ వాడుకుంటూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. బ్యాటరీ సగానికి రావడానికి దాదాపు 19 రోజులు పడుతుంది. అంటే, మూడు వారాలు కదలకుండా నిలిపి ఉంచిన కారు స్టార్ట్ కాకపోతే అందులో ఏ లోపమూ ఉండనక్కర్లేదు.

డిక్కీలో 5 వాట్ల బల్బు ఒకటి ఆరకుండా వెలుగుతూ ఉంటే అది సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు రోజుకు పది ఆంపియర్ అవర్ల వరకు పోతాయి కాబట్టి, రెండు మూడు రోజుల్లో బ్యాటరీ సగానికి వచ్చేస్తుంది. ఇక రాత్రి బాగా స్టార్ట్ అయిన కారు తెల్లవారేసరికి పూర్తిగా మూగబోయిందంటే ఆలోచన వేరే దారిలో సాగాలి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీని పది గంటల్లో సగం ఖాళీ చేయాలన్నా రెండు ఆంపియర్లకు పైగా కరెంటు నిరంతరంగా ప్రవహించాలి. అంత కరెంటు లాగే పరికరం సాధారణంగా వెలుగు, వేడి, శబ్దం ఏదో ఒక రూపంలో తన ఉనికిని బయటపెట్టుకుంటుంది. అలాంటిదేమీ కనిపించకపోతే, కారులో లీకు కోసం వెతకడం కంటే ముందు బ్యాటరీనే అనుమానించడం సబబు; సామర్థ్యం తరిగిపోయిన బ్యాటరీ మామూలు కరెంటుకే ఒక్క రాత్రిలో దిగిపోగలదు.

కారు ఆగినప్పుడు కాకుండా, నడుస్తూ ఉండగానే లైట్లు మందగించడం, డ్యాష్‌బోర్డుపై బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలగడం జరుగుతుంటే నేరుగా ఆల్టర్నేటర్ పరీక్షకు వెళ్లవచ్చు.

పని మొదలుపెట్టే ముందు

ఈ బ్యాటరీల్లో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఛార్జి అవుతున్నప్పుడు వాటి నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. చిన్న నిప్పురవ్వ తగిలినా అది పేలగలదు. కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోవాలి, గాలి ఆడే చోట పని చేయాలి, దగ్గరలో నిప్పు, సిగరెట్టు ఉండకూడదు. ఉంగరాలు, లోహపు గడియారం, గాజులు తీసి పక్కన పెట్టాలి. పానా ఒక వైపు పాజిటివ్ టెర్మినల్‌కు, మరో వైపు కారు బాడీకి తగిలితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా ప్రవహించి లోహాన్ని కరిగిస్తుంది. ఈ ప్రమాదం లేకుండా ఉండాలంటే విప్పేటప్పుడు నెగటివ్ క్లాంపును ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. పెట్టె ఉబ్బి ఉన్నా, పగిలి కారుతున్నా, కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నా ఆ బ్యాటరీని ఛార్జి చేయడానికి ప్రయత్నించకుండా వెంటనే మార్చేయడమే సరైన పని.

మొదట కంటితో చూడవలసినవి చూసేయాలి. టెర్మినళ్లపై తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే వేడి నీళ్లలో కలిపిన వంట సోడాతో కడిగి, బ్రష్షుతో రుద్ది మెరిసేలా చేయాలి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోకి దిగకూడదు. క్లాంపును చేత్తో పట్టి తిప్పితే కదలకూడదు. నెగటివ్ కేబుల్ రెండో చివర బాడీకి బిగించిన చోటును చాలామంది పట్టించుకోరు, అక్కడ కూడా తుప్పు పడుతుంది. బ్యాటరీ పైభాగం దుమ్ముతో, తడితో మురికిగా ఉంటే దాని మీదుగానే కొద్దిపాటి కరెంటు ఒక టెర్మినల్ నుంచి మరోదానికి పాకుతుంది. మూతలు తెరవగల రకమైతే లోపలి ప్లేట్లు ద్రవంలో మునిగి ఉన్నాయో లేదో చూడాలి. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఛార్జి అయ్యేకొద్దీ ద్రవమట్టం పెరుగుతుంది కాబట్టి, గుర్తు వరకు నింపే పనిని ఛార్జింగ్ పూర్తయ్యాక పెట్టుకోవాలి. పెట్టెపై ఉన్న తయారీ తేదీ కూడా రాసుకోవాలి. సాధారణ వాడకంలో ఈ బ్యాటరీలు మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తాయి, ఎండ తీవ్రంగా ఉండే చోట్ల ఆయుష్షు ఇంకా తగ్గుతుంది.

బ్యాటరీని పరీక్షించడం

దిగిపోయిన బ్యాటరీని పరీక్షిస్తే దిగిపోయిందన్న సంగతి తప్ప మరేమీ తెలియదు. ఈ మాటను నొక్కి చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే ఛార్జి లేని బ్యాటరీకి టెస్టరు తగిలించి, అది చూపిన ఫలితాన్ని బట్టి మంచి బ్యాటరీని పారేయడం తరచుగా జరుగుతుంది. ముందు ఛార్జరు పెట్టి పూర్తిగా ఛార్జి చేయాలి. 5 ఆంపియర్ల ఛార్జరుతో సగం దిగిన బ్యాటరీకి ఎనిమిది పది గంటలు పట్టవచ్చు. బ్యాటరీ నిండే కొద్దీ అది కరెంటును నెమ్మదిగా తీసుకుంటుంది కనుక ఆఖరి భాగమే ఎక్కువ సమయం తింటుంది. కారును ఇంటి ముందు అరగంట ఐడిల్‌లో ఉంచడం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఛార్జింగ్ ముగియగానే కొలిస్తే మీటరు ఎక్కువ వోల్టేజీ చూపిస్తుంది. అది ప్లేట్ల ఉపరితలం వద్ద ఉన్న తాత్కాలిక ఛార్జి మాత్రమే, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. అందుకే ఛార్జరు తీసేశాక నెగటివ్ క్లాంపును విప్పి పక్కకు పెట్టి, బ్యాటరీని ఆ రాత్రంతా అలాగే వదిలేయాలి. రేడియో కోడు అడిగే కార్లలో ఆ కోడు దగ్గర ఉంచుకోవాలి. డిక్కీలో బ్యాటరీ ఉండి, డిక్కీ తలుపు విద్యుత్తుతో మాత్రమే తెరుచుకునే కారైతే ఆ తలుపు మూసుకుపోకుండా చూసుకోవాలి.

మొత్తం పద్ధతిలో అన్నిటికంటే ఉపయోగపడేది ఈ ఒక్క రాత్రి పరీక్ష. ఛార్జరు తీసిన గంట రెండు గంటలకు ఒకసారి, మర్నాడు పొద్దున మరోసారి టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ కొలిచి రాసుకోవాలి. పూర్తిగా నిండిన మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతి స్థితిలో 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. ఆమ్లాన్ని గాజు నూలు పొరల్లో పీల్చి ఉంచే ఏజీఎం రకం ఇంకొంచెం ఎక్కువ చూపిస్తుంది. 12.4 అంటే సుమారు ముప్పాతిక వంతు, 12.2 అంటే దాదాపు సగం, 12.0 అంటే పావు వంతు ఛార్జి మిగిలిందని లెక్క. కారుతో ఏ సంబంధమూ లేకుండా కూర్చున్న బ్యాటరీ తెల్లవారేసరికి 12.6 దగ్గరే నిలబడితే అది ఛార్జిని నిలుపుకోగలుగుతోంది, కాబట్టి దొంగ కారులోనే ఉన్నాడు. 12.3కో ఇంకా కిందికో జారిపోయి ఉంటే లోపం బ్యాటరీలోనే ఉంది, కారును శోధించవలసిన అవసరం లేదు. రాత్రంతా ఛార్జి చేసినా 10.5 వోల్టుల చుట్టుపక్కలే ఆగిపోతే, దానిలోని ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు, ఎందుకంటే ఒక్కో సెల్లు ఇచ్చేది సుమారు 2.1 వోల్టులు.

మూతలు తెరవగల బ్యాటరీకి, ద్రవ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు ఇంకా స్పష్టమైన సాక్ష్యం చెబుతుంది. నిండుగా ఛార్జి అయిన సెల్లులో ద్రవ సాంద్రత 1.265 నుంచి 1.280 వరకు ఉంటుంది. ఐదు సెల్లులు 1.270 చూపించి ఒకటి మాత్రం 1.200 వద్ద ఉంటే ఆ సెల్లు చెడిపోయినట్లే. సెల్లుల మధ్య 0.050 మించిన తేడా ఉండకూడదు.

అయితే, విశ్రాంతి వోల్టేజీ బాగుందని బ్యాటరీకి మంచి సర్టిఫికెట్ ఇచ్చేయకూడదు. చాలాకాలం ఖాళీగా ఉన్న బ్యాటరీలో ప్లేట్లపై లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారుతుంది. అలాంటిది వోల్టేజీ సరిగానే చూపించి, బరువు మీద పడగానే చతికిలబడుతుంది. క్లాంపు బిగించి, మీటరు ప్రోబులను బ్యాటరీ టెర్మినళ్లపై ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ వోల్టేజీ 9.6కు కిందికి పోకూడదు. మంచి బ్యాటరీ చాలా సందర్భాల్లో పది వోల్టులకు పైనే ఉంటుంది. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ తొమ్మిదికీ ఎనిమిదికీ పడిపోతుంటే దాని శక్తి తరిగిపోయిందని అర్థం. చలి బాగా ఉన్న రోజున కొంత సడలింపు ఇవ్వవచ్చు.

దీనికి వ్యతిరేకంగా జరిగేది కూడా ఉంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతున్నా బ్యాటరీ టెర్మినళ్ల వద్ద వోల్టేజీ 11కు పైనే ఉంటే బ్యాటరీ నిర్దోషి. కరెంటు దారిలో ఎక్కడో నిరోధం ఉంది. ఒక ప్రోబును బ్యాటరీ నెగటివ్ పోస్టుపై, మరోదాన్ని ఇంజన్ లోహంపై శుభ్రమైన చోట ఉంచి సెల్ఫ్ కొట్టిస్తే, మీటరు 0.2 వోల్టుల కంటే బాగా ఎక్కువ చూపితే ఎర్త్ కేబుల్ లేదా దాని బిగింపు చెడింది. అదే విధంగా పాజిటివ్ పోస్టుకు, స్టార్టర్ మోటారుపై ఉన్న లావుపాటి బోల్టుకు మధ్య అరవోల్టు దాటకూడదు. ప్రోబును టెర్మినల్ పోస్టుపై పెట్టాలి, క్లాంపుపై కాదు. క్లాంపుపై పెడితే పోస్టుకూ క్లాంపుకూ మధ్య ఉన్న తుప్పు కొలతలోకి రాకుండా తప్పించుకుంటుంది.

ఆల్టర్నేటర్ ఛార్జి ఇస్తోందా?

ఇంజన్ ఆడుతుండగా బ్యాటరీ టెర్మినళ్ల మధ్య కొలిస్తే చాలా కార్లలో 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య కనిపించాలి. తరువాత హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు, వెనుక అద్దం హీటరు అన్నీ వేసి, ఇంజన్ వేగం 1500 నుంచి 2000 ఆర్పీఎం వరకు పెంచి మళ్లీ కొలవాలి. అప్పుడు కూడా 13.5కు పైన నిలబడితే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది. ఇంజన్ ఆపి ఉన్నప్పటి 12.5 వోల్టులే ఇంజన్ ఆడుతున్నప్పుడూ కనిపిస్తే ఛార్జి అసలు అందడం లేదు. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు చెడి బ్యాటరీని అతిగా ఛార్జి చేస్తోంది, దానివల్ల ద్రవం ఆవిరై ప్లేట్లు బయటపడతాయి. ఇక్కడ ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. ఇంధనం ఆదా చేయడానికి కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను నియంత్రించే కొత్త కార్లలో వోల్టేజీ కావాలనే 12.5 వరకు తగ్గడం, కాసేపు 15 వరకు పెరగడం మామూలే. అలాంటి కారులో ఒక్క కొలతతో తీర్పు చెప్పకుండా, లైట్లు వేసి, వేగం మార్చి, కొన్ని నిమిషాలు గమనించాలి.

ఛార్జి అందకపోతే ఆల్టర్నేటర్‌ను విప్పించే ముందు బెల్టు చూడాలి. అరిగి నున్నబడిన బెల్టు, వదులైన బెల్టు భారం పెరిగినప్పుడు జారుతుంది. ఆల్టర్నేటర్ వెనుక ఉన్న లావు కేబుల్ బోల్టుకూ బ్యాటరీ పాజిటివ్ పోస్టుకూ మధ్య, లైట్లన్నీ వేసి ఉన్నప్పుడు, 0.3 వోల్టులకు మించి తేడా ఉంటే లోపం ఆల్టర్నేటర్‌లో కాదు, ఆ కేబుల్‌లో ఉంది. పాత కార్లలో డ్యాష్‌బోర్డుపై బ్యాటరీ గుర్తు బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్‌కు ఆరంభ కరెంటు అందక అది ఛార్జి మొదలుపెట్టకపోవచ్చు. తాళం తిప్పగానే ఆ గుర్తు వెలిగి, ఇంజన్ స్టార్ట్ కాగానే ఆరాలి.

మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టులకు మార్చి ఇంజన్ ఆడుతుండగానే అదే చోట మరోసారి కొలవాలి. అరవోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే ఆల్టర్నేటర్ లోపల కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లలో ఏదో చెడిపోయి ఉండవచ్చు. చెడిన డయోడు రెండు విధాలుగా నష్టం చేస్తుంది: పగలు ఛార్జి తగ్గిస్తుంది, ఇంజన్ ఆపాక బ్యాటరీలోని కరెంటును వెనక్కి లాగుతుంది. ఫ్యూజులన్నీ తీసినా ఆగని లీకుకు చాలాసార్లు ఇదే మూలం.

ఆగి ఉన్న కారులో కరెంటు ఎంత పోతోంది?

బ్యాటరీ ఛార్జిని నిలుపుకుంటోందని, ఆల్టర్నేటర్ ఛార్జి ఇస్తోందని తేలాక మిగిలేది ఇదే. దీనిలో తొందర పనికిరాదు. చాలా తప్పు నిర్ణయాలు మీటరు తప్పు చూపడం వల్ల కాక, కారు ఇంకా నిద్రపోకముందే కొలవడం వల్ల వస్తాయి. నేటి కార్లలో తాళం తీసేశాక కూడా అనేక కంప్యూటర్లు కాసేపు మేలుకునే ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా నిద్రలోకి జారుకోవడానికి కొన్ని కార్లలో పది నిమిషాలు, మరికొన్నిటిలో గంట వరకు పడుతుంది.

ముందుగా బోనెట్ తెరిచి ఉంచాలి, ఫ్యూజు బాక్సు లోపల ఉంటే ఆ వైపు తలుపు కూడా తెరవాలి. తెరిచి ఉన్న తలుపు గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి నెడితే తలుపు మూసి ఉందని కారు అనుకుంటుంది; తరువాత మళ్లీ తలుపు తీయనవసరం లేకుండా పని సాగుతుంది. పరీక్ష ముగిశాక హ్యాండిల్ లాగి గొళ్లేన్ని విడిపించకుండా తలుపు వేస్తే అది దెబ్బతింటుంది. కీలెస్ తాళం చెవిని కారుకు చాలా దూరంగా పెట్టాలి, లేకపోతే కారు దాన్ని పసిగట్టి మళ్లీ మేలుకుంటుంది.

మల్టీమీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, డయలును డీసీ ఆంపియర్లకు తిప్పాలి. నెగటివ్ క్లాంపును విప్పి, ఒక ప్రోబును క్లాంపుకు, రెండోదాన్ని నెగటివ్ పోస్టుకు తగిలిస్తే కారు వాడుకునే కరెంటంతా మీటరు గుండానే పోతుంది. క్లాంపు విప్పే ముందే పోస్టుకూ క్లాంపుకూ మధ్య ఒక అదనపు వైరు తగిలించి, మీటరు కూడా అమర్చాక ఆ వైరును తీసేస్తే కరెంటు క్షణం కూడా తెగదు. ఇది చిన్న విషయంలా కనిపించినా ఫలితాన్ని మార్చేయగలదు: కరెంటు తెగి మళ్లీ వస్తే, నిద్రపోకుండా చిక్కుకుపోయిన కంప్యూటరు తిరిగి సర్దుకుని, వెతుకుతున్న లోపం కళ్ల ముందే మాయమవుతుంది. మీటరు దారిలో ఉన్నంతసేపూ ఇగ్నిషన్ వేయకూడదు, సెల్ఫ్ అసలు కొట్టకూడదు. మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. పని అయిపోగానే ఎర్ర వైరును వోల్టుల సాకెట్‌కు మార్చడం కూడా మరవకూడదు. ఆంపియర్ల సాకెట్లో ఉంచి తరువాత బ్యాటరీ వోల్టేజీ కొలవబోతే నేరుగా షార్ట్ చేసినట్లవుతుంది. డీసీని కొలవగల క్లాంపు మీటరు ఉంటే ఈ విప్పడం, తగిలించడం ఏమీ లేకుండా నెగటివ్ కేబుల్ చుట్టూ బిగించి చూసుకోవచ్చు. చవక రకాలు మిల్లీ ఆంపియర్లను నమ్మకంగా చూపలేవు.

మొదట్లో అంకె కొన్ని ఆంపియర్లు ఉండి, మెట్లు మెట్లుగా తగ్గుతూ వస్తుంది. గంట తరువాత అది 50 మిల్లీ ఆంపియర్లలోపు, అంటే 0.05 ఆంపియర్లలోపు స్థిరపడితే మామూలుగా ఉన్నట్లే. చాలా కార్లు 20, 30 వద్దే ఆగుతాయి. 200, 400 వద్ద నిలిచిపోతే లీకు ఉంది. అంకె తగ్గి, కొన్ని నిమిషాలకోసారి మళ్లీ ఎగబాకుతుంటే, ఏదో పరికరం కారును మాటిమాటికీ నిద్రలేపుతోంది.

దొంగను పట్టుకోవడం

ఫ్యూజులను ఒక్కొక్కటిగా పీకుతూ మీటరు అంకె ఎక్కడ పడిపోతుందో చూడడం పాత పద్ధతి. పాత కార్లకు అది ఇప్పటికీ బాగా పనికొస్తుంది. కంప్యూటర్లు నిండిన కారులో మాత్రం ఫ్యూజు తీసి తిరిగి పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి మేలుకుంటుంది, మళ్లీ నిద్రపోయే వరకు ఆగాలి. అందుచేత, అలాంటి కార్లకు ఫ్యూజు పీకకుండా దానిపై వోల్టేజీ కొలిచే పద్ధతిని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ప్రతి బ్లేడు ఫ్యూజు వీపుపై రెండు చిన్న రంధ్రాలలో లోహం కనిపిస్తుంది. మీటరును మిల్లీవోల్టులకు పెట్టి ఆ రెండు బిందువులను తాకితే, ఆ ఫ్యూజు గుండా కరెంటు పోకపోతే సున్నా వస్తుంది, పోతుంటే చిన్న అంకె వస్తుంది. పది ఆంపియర్ల ఫ్యూజు గుండా 400 మిల్లీ ఆంపియర్లు పోతే సుమారు 3 మిల్లీవోల్టులు చూపిస్తుంది. ఫ్యూజు రేటింగు పెరిగే కొద్దీ అదే కరెంటుకు చిన్న అంకె వస్తుంది కాబట్టి వేర్వేరు రేటింగుల ఫ్యూజులను నేరుగా పోల్చకూడదు. ఈ పద్ధతిలో బ్యాటరీ విప్పవలసిన పని కూడా ఉండదు.

అనుమానిత ఫ్యూజు దొరికాక, దాని మీద ఏయే పరికరాలు ఆధారపడ్డాయో మూత లోపలి పటంలోనో యజమాని పుస్తకంలోనో చూసి, ఒక్కొక్కదాని ప్లగ్గు తీస్తూ అంకె పడిపోయే చోట ఆగాలి. నిజానికి ఎక్కువసార్లు నేరస్థులు తయారీదారు పెట్టినవి కావు, తరువాత బిగించినవి: డ్యాష్‌క్యామ్, కొత్త స్టీరియో, యాంప్లిఫయరు, అలారం, జీపీఎస్ ట్రాకరు, డయాగ్నస్టిక్ సాకెట్లో వదిలేసిన ప్లగ్గు, ఎప్పుడూ కరెంటు ఉండే సాకెట్లో మరిచిపోయిన ఫోన్ ఛార్జరు. వీటిని ముందే తీసేసి కొలత మొదలుపెడితే సగం పని తప్పుతుంది. ఆ తరువాతి స్థానం లైట్లది. డిక్కీ లైటు, గ్లవ్ బాక్సు లైటు మూత వేశాక ఆరుతున్నాయో లేదో బయటినుంచి తెలియదు; ఫోన్‌లో వీడియో పెట్టి లోపల ఉంచి మూత వేసి, తరువాత చూస్తే తెలిసిపోతుంది. తలుపు గొళ్లెంలోని స్విచ్చు చెడితే తలుపు తెరిచే ఉందనుకుని కారు నిద్రపోదు. ఇక చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చులైన రిలేలు: లోపలి కాంటాక్టులు అతుక్కుపోయిన రిలే ఇగ్నిషన్ ఆపాక కూడా కరెంటు పంపుతూ ఉంటుంది. చేత్తో తాకితే మిగతా రిలేల కంటే వెచ్చగా ఉన్నది దొరికితే, అదే రకం మరో రిలేతో మార్చి చూడవచ్చు.

ఫ్యూజులన్నిటిలో సున్నా వచ్చినా మీటరు కరెంటు చూపిస్తూనే ఉంటే, ఫ్యూజు బాక్సుకు రాకుండా నేరుగా బ్యాటరీకి కలిసిన వాటిని చూడాలి. అవి సాధారణంగా ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటారు, తరువాత ఎవరో వేసిన వైర్లు. నెగటివ్ క్లాంపు విప్పి, ఆల్టర్నేటర్ వెనుక లావు కేబుల్‌ను తీసి దాని కొసను టేపుతో చుట్టి, మళ్లీ కరెంటు కొలిస్తే, అంకె మామూలు స్థితికి వచ్చేస్తే డయోడు లీకు రుజువైనట్లే. కరెంటు ఉండి ఉండి మాత్రమే పెరిగే లోపానికి ఒక్క కొలత చాలదు. కనిష్ఠ, గరిష్ఠ విలువలను గుర్తుంచుకునే మీటరును రాత్రంతా వదిలేయాలి. ఆ స్థాయిలో కారు ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడంలో తప్పు లేదు, అప్పటికే రాసుకున్న అంకెలు అతని సమయాన్ని, మీ ఖర్చును ఎంతో తగ్గిస్తాయి.

ఏ లోపమూ దొరకనప్పుడు

బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఆగి ఉన్నప్పటి కరెంటు మూడూ సరిగా ఉంటే వాడకాన్ని చూడాలి. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయ్యే ఛార్జి జనం అనుకునేంత ఎక్కువ కాదు. 200 ఆంపియర్లు రెండు సెకన్లు పోయినా 0.11 ఆంపియర్ అవర్లే. దిగిపోయిన బ్యాటరీని నింపడానికి మాత్రం గంటల ప్రయాణం కావాలి. రోజూ ఐదు నిమిషాలు, పది నిమిషాలు నడిచే కారులో, అందులోనూ లైట్లు, బ్లోయరు వేసుకుని ఐడిల్ మీద ట్రాఫిక్‌లో నిలబడే కారులో, ఆగి ఉన్నప్పుడు పోయింది తిరిగి చేరదు. బ్యాటరీ నెలల తరబడి సగం ఛార్జితో బతుకుతూ సల్ఫేటు పట్టిపోతుంది. నెలకోసారి రాత్రంతా ఛార్జరు పెట్టడం, రోజుల తరబడి వాడని కారుకు ఛార్జి తగ్గకుండా నిలిపి ఉంచే మెయింటెనర్ ఛార్జరు తగిలించి ఉంచడం దీనికి సరైన మందు. నెగటివ్ పోస్టుపై చిన్న సెన్సరు ఉన్న కార్లలో ఛార్జరు నెగటివ్ క్లిప్పును పోస్టుకు కాక బాడీ ఎర్త్ బిందువుకు తగిలించాలి, లేకపోతే బ్యాటరీకి చేరిన ఛార్జి కారు కంప్యూటరు లెక్కలోకి రాదు.

బ్యాటరీయే చెడిందని తేలి మార్చవలసి వస్తే పాతదానిపై ఉన్న ఆంపియర్ అవర్లు, కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు (చలిలో స్టార్ట్ చేసేటప్పుడు ఇవ్వగల కరెంటు), రకం మూడూ సరిపోయేదే తీసుకోవాలి. సిగ్నళ్ల దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగి స్టార్ట్ అయ్యే కారుకు ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ (మామూలు బ్యాటరీకే బలపరిచిన రూపం) రకమే వేయాలి, మామూలు బ్యాటరీ వేస్తే అది త్వరలోనే చెడిపోతుంది. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసిన సంగతిని స్కానరుతో కంప్యూటరుకు నమోదు చేయాలి. చేయకపోతే పాత బ్యాటరీకి తగ్గట్టుగానే ఛార్జి చేస్తుంది.

ఏ మరమ్మతు చేసినా దాన్ని నిర్ధారించుకోవడానికి బ్యాటరీని మళ్లీ పూర్తిగా ఛార్జి చేసి, కారు నిద్రపోయాక కరెంటు ఒకసారి కొలిచి, వాడకుండా రెండు రాత్రులు ఉంచి, మూడో రోజు పొద్దున బోనెట్ తెరిచి, తలుపులు తీయకముందే వోల్టేజీ చూడాలి. 12.5కు పైన ఉంటే పని పూర్తయింది. 12.3కు దిగి ఉంటే ఇంకో లీకు మిగిలి ఉంది, ఫ్యూజుల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.